బావగారి బూట్లు

ఊడ్పుల హడావుడిలో పడి పది రోజులుగా పేజీలో ఏమీ రాయలేదు. ఈ రోజు పొద్దుటినుంచి వాన వదల్లేదు, కూలీలూ రాలేదు. అరుగు మీద కూచుని ఇది రాస్తున్నాను. ఇది ఎరువుల గురించో కొబ్బరి రేటు గురించో కాదు. కాస్త పెద్దదే, ఓపికుంటే చివరిదాకా చదవండి.

మా అక్కని చేసుకున్న బావగారు మిలటరీలో పదిహేడేళ్ళు చేసి వచ్చారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయటం లేదు. మలికిపురం చుట్టుపక్కల చాలామందికి ఆయన తెలుసు. వచ్చాక రెండెకరాల చేను, ఎకరం కొబ్బరి తోట చూసుకుంటున్నారు. తోటలో పొద్దస్తమానం పని చేస్తారు. బోదెలు తీస్తారు, ఒలుపు దగ్గర కూచుంటారు, డెబ్భై కిలోల బస్తా ఈ వయసులో కూడా ఎత్తుతారు. కానీ దమ్ము చేసిన చేలోకి మాత్రం దిగరు. ముప్పై ఏళ్ళలో ఆయన దిగడం నేను రెండుసార్లే చూశాను. రెండుసార్లూ పడిపోయారు.

ఎందుకో మనకి చెప్పక్కర్లేదు. దమ్ము చేలో నడవాలంటే కాలివేళ్ళే ఆధారం. బొటనవేలు బురదలో గుచ్చుకుని పట్టు దొరికితేనే రెండో కాలు లేస్తుంది. మా బావగారి ఎడమ కాలికి ఒక్క వేలే మిగిలింది. కుడి కాలికి బొటనవేలు లేదు. రోడ్డు మీద బూటు వేసుకుని నడుస్తుంటే ఎవరికీ తెలియదు. బురదలో తెలిసిపోతుంది.

ఊళ్ళో అందరం "యుద్ధంలో పోయాయి" అనుకునేవాళ్ళం. పిల్లలైతే తూటా తగిలిందని కథలు చెప్పుకునేవారు. ఆయన అవుననేవారు కాదు, కాదనేవారూ కాదు.

మొన్న జూలై 26, కార్గిల్ విజయ్ దివస్ రోజున పక్క ఊరి స్కూలు వాళ్ళు ఆయన్ని పిలిచారు. నేనే బండి మీద తీసుకెళ్ళాను. దండ వేశారు, శాలువా కప్పారు. ఒక మాస్టారు చాలా బాగా మాట్లాడారు. మన జవాన్లు చలికీ ఆకలికీ లొంగరనీ, వాళ్ళ గుండెలో మంటే వాళ్ళకి దుప్పటి అనీ చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత బావగారికి మైకు ఇచ్చారు. ఆయన రెండే రెండు మాటలు అన్నారు.

"మాస్టారు గౌరవంతో అన్నారండి, ఆయనకి నా నమస్కారం. కానీ పిల్లలూ, చలి అందరికీ వేస్తుంది. జవానుకి కావలసింది మంచి బూటు."

అంతే. కూచున్నారు. ఎవరికీ ఏమనాలో తెలీలేదు. కాసేపటికి జాతీయ గీతం పాడేసి ముగించారు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో టీ కొట్టు దగ్గర ఆపమన్నారు. అక్కడ చెప్పారు ఇన్నాళ్ళూ చెప్పనిది. ఆయన చెప్పినట్టే రాస్తాను.

"తొంభైల మొదట్లోరా అది. లడాఖ్ వైపు మంచు మీద పోస్టు. ఏ దళమో ఏ పోస్టో నువ్వు రాయకు. పైకి పంపే ముందు బట్టలూ బూట్లూ ఇస్తారు. లోపల ఒక పొర, మధ్యలో ఒక పొర, పైన ఒకటి, చేతికి మూడు జతల గ్లవ్స్, కళ్ళకి మంచు అద్దాలు. అవి సరిగ్గా ఉంటే మనిషి బతుకుతాడు. నా వంతు వచ్చేసరికి నా సైజు బూట్లు లేవు. ముందు బ్యాచి దింపి వెళ్ళినవి ఉన్నాయి. ఒక సైజు పెద్దవి. లోపలి బూటు నలిగిపోయి ఉంది. 'వచ్చే వారం కొత్తవి పైకి పంపిస్తాం, రిజిస్టర్లో సంతకం పెట్టేయ్' అన్నారు. రిజిస్టర్లో ఏం రాసుందో చూశాను. కొత్త బూట్లు, ఒక జత, ముట్టినవి అని ఉంది. పెట్టేశాను."

"ఎందుకు పెట్టారు బావగారూ?" అన్నాను.

"నా వెనక ఇరవై మంది లైన్లో ఉన్నారు. నేనొక్కణ్ణి అడిగితే భయపడుతున్నాననుకుంటారని సిగ్గేసింది. అందరూ పెడుతున్నారు, నేనూ పెట్టాను."

వచ్చే వారం వాతావరణం బాగోలేక హెలికాప్టర్ రాలేదట. ఆ పై వారం వచ్చింది గానీ కిరసనాయిలూ తిండీ తెచ్చింది, బూట్లు తేలేదు. పెద్ద బూటులో కాలు కదిలి చెమట పడుతుంది. ఆ చెమట రాత్రికి మంచవుతుంది. మేజోళ్ళు ఆరబెట్టుకోవాలంటే కిరసనాయిలు పొయ్యి ఒకటే. అది వంటకీ, తాగడానికి మంచు కరిగించుకోవడానికీ చాలాలి. ఒకరోజు కాపలా నుంచి వచ్చి బూటు విప్పితే వేళ్ళు తెల్లగా, మైనంలా ఉన్నాయట. గిల్లితే తెలియలేదట. నొప్పి లేదు కదా, పోనీలే అనుకున్నారట. మూడు రోజులకి నల్లబడ్డాయి. కిందకి దింపేసరికి మొత్తం పది రోజులు.

ఆ మాట మీద కాస్త ఆగండి. మనకి చేలో వేళ్ళ సందులు చితికిపోతే నొప్పి పెడుతుంది కాబట్టి పసుపో నూనో రాస్తాం. మంచు దెబ్బలో నొప్పి పోవడమే ప్రమాదం. రక్తం పారడం ఆగి, మాంసం లోపలే గడ్డకడుతుంది. తెలియనివాడు నిప్పు దగ్గర పెట్టి కాల్చుకుంటాడు, లేదా గట్టిగా రుద్ది చర్మం ఊడగొట్టుకుంటాడు.

చివర్లో ఆయన అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "నా వేళ్ళు పోయాక విచారణ అయింది. బూట్లు సరిగ్గా లేవని చెప్పాను. రిజిస్టర్ తెచ్చి చూపించారు. కింద సంతకం నాదే."

అప్పట్నుంచి రాత్రిపూట ఫోన్లో దీని గురించి చదువుతూనే ఉన్నాను. ఇది మా బావగారి ఒక్కరి కథేమో అనుకున్నాను. కాదండి.

మా నాయనమ్మ 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు చెవుల కమ్మలు జాతీయ రక్షణ నిధికి ఇచ్చేసిందని మా నాన్నగారు చెప్పేవారు. ఆ రోజుల్లో ఊరూరా అలాగే ఇచ్చారు. ఆడవాళ్ళు కూచుని జవాన్లకి స్వెట్టర్లు అల్లారు. ఎందుకు అల్లాల్సి వచ్చిందో ఇప్పుడు చదివితే తెలిసింది. ఈశాన్యాన థాగ్ లా కొండల కింద నామ్కా చూ అనే ఏటి ఒడ్డున మన ఏడో బ్రిగేడ్‌ని నిలబెట్టారు. చాలామంది ఒంటి మీద పలుచటి నూలు యూనిఫారాలు. కాళ్ళకి కాన్వాస్ బూట్లు. చేతిలో పాత త్రీనాట్‌త్రీ రైఫిలు, మనిషికి ఓ యాభై తూటాలు. సామాను విమానాల్లోంచి జారవిడిస్తే చాలా వరకు లోయల్లో పడి దొరకలేదు. 1962 అక్టోబర్ 20 తెల్లవారుజామున చైనా వాళ్ళు విరుచుకుపడ్డారు. ఆ బ్రిగేడ్ చెల్లాచెదురైంది. దాన్ని నడిపిన బ్రిగేడియర్ జాన్ దల్వీ బందీ అయ్యారు. విడుదలై వచ్చాక ఇదంతా పుస్తకంగా రాశారు. ఆయన రాసింది జవాన్ల పిరికితనం గురించి కాదు. వాళ్ళని అలా పంపించిన తీరు గురించి.

మా నాయనమ్మ కమ్మలు ఇచ్చేసరికి ఆ ఏటి ఒడ్డున జరగాల్సింది జరిగిపోయింది.

1999 కార్గిల్ మనందరికీ గుర్తే. శత్రువు కొండ మీద బంకర్లలో, మనవాళ్ళు కింద నుంచి నిలువు రాళ్ళు పట్టుకుని రాత్రిళ్ళు ఎక్కాలి. హైదరాబాద్ నుంచి వెళ్ళిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న ఆ కొండల్లోనే పోయారు. ఆయన పుట్టినరోజు జూన్ 21. అది వెళ్ళి వారమే అయింది. మహావీర చక్ర ఇచ్చారు. ఆ యుద్ధంలో 527 మంది పోయారు. అప్పుడు సైన్యాధిపతిగా ఉన్న జనరల్ మాలిక్ గారు మా దగ్గర ఏముంటే దాంతోనే పోరాడతాం అన్నారు. దేశమంతా ఆ మాటని మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. ఇప్పుడు మళ్ళీ చదివితే, సైన్యాధిపతి ఆ మాట అనాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందా అనిపించింది. ఆ యుద్ధం కోసమని హడావుడిగా కొన్న సరుకులో ఎక్కువ భాగం యుద్ధం ముగిశాకే చేరిందని తర్వాత కాగ్ తేల్చింది. చేను పొట్టకొచ్చాక యూరియా లారీ వస్తే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక సియాచిన్. 1984 ఏప్రిల్ 13న మన సైన్యం అక్కడికి చేరింది, అప్పట్నుంచీ అక్కడే ఉంది. 2003 నవంబర్ నుంచి కాల్పులు లేవు. అయినా అక్కడ మనుషులు పోతూనే ఉన్నారు. మొదట్నుంచీ తూటాల కంటే చలీ, విరిగిపడే మంచూ తీసుకున్న ప్రాణాలే ఎక్కువ. 2016 ఫిబ్రవరి 3న సుమారు 19,600 అడుగుల ఎత్తులో సోనమ్ పోస్టు మీద మంచుకొండ విరిగిపడింది. 19 మద్రాస్ దళం వాళ్ళు పది మంది కింద పడిపోయారు. ఆరు రోజుల తర్వాత కర్ణాటక ధార్వాడ వైపు లాన్స్‌నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణంతో దొరికారు. టీవీల ముందు కూచుని మనమంతా దండం పెట్టుకున్నాం, గుర్తుందా. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయనా పోయారు. ఆ పది మందిలో మన తెలుగువాడు ఒకరున్నారు. అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకి చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్.

అంత కొండ విరిగిపడితే ఏ బూటూ కాపాడదు. ఆ పది మంది సామాను లేక పోయారని నేను అనడం లేదు. కానీ అదే సమయం గురించి కాగ్ ఇంకో లెక్క రాసింది. అది 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. 2015 నవంబర్ నుంచి 2016 సెప్టెంబర్ దాకా మంచు ప్రాంతాల జవాన్లకి ఇచ్చే బూట్లు కొత్తవి రాలేదట. పాతవాటినే మళ్ళీ మళ్ళీ ఇచ్చారట. మంచు అద్దాలకి 62 నుంచి 98 శాతం దాకా కొరత. ఎండ పడ్డ మంచు మీద అద్దాలు లేకుండా ఉంటే కళ్ళు దెబ్బతింటాయి. తిండి సంగతి ఇంకా చిత్రం. ఇవ్వాల్సిన సరుకు లేకపోతే బదులు ఇంకోటి ఇవ్వొచ్చు. కానీ బరువుకి బరువు కాకుండా ధరకి ధర లెక్కగట్టారు. బదులు సరుకు ఖరీదు ఎక్కువ, అందుకని చేతికొచ్చేది తక్కువ. అలా కొన్నిటిలో బలం 82 శాతం దాకా పడిపోయింది. ఒకచోటైతే సరుకు రాకుండానే జవాన్లకి ఇచ్చినట్టు రాశారట.

ఆ చివరి వాక్యం బావగారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

రెండో వైపు మాట కూడా రాయాలి. అది పాత లెక్క, ఇప్పుడు పైకి వెళ్ళే జవాన్లకి అన్నీ సరిగ్గానే అందుతున్నాయి అని అప్పటి సైన్యాధిపతి జనరల్ నరవణే గారు చెప్పారు. బాగుపడి ఉంటే అంతకంటే సంతోషం ఏముంది. బావగారు కూడా మా రోజులకీ ఇప్పటికీ చాలా తేడా ఉందిరా అంటారు. కానీ బాగుపడింది ఎలా? ఎవరో లెక్క చూశారు, ఎవరో అడిగారు. అందుకే కదా.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. సైన్యానికి కొత్త తూటా నిరోధక జాకెట్లు కావాలని 2009లో ఒప్పుకున్నారు. 1,86,000 పైచిలుకు జాకెట్లకి పెద్ద ఒప్పందం అయ్యింది 2018 ఏప్రిల్‌లో. పరీక్షలన్నారు, నాణ్యత చాలలేదన్నారు, మళ్ళీ టెండర్లన్నారు. మధ్యలో తాత్కాలికంగా కొన్ని కొన్నారు. నాసిరకం తీసుకోకపోవడం మంచిదే, కాదనను. కానీ 2009లో మన దేశవాళీ కొబ్బరి మొక్క పాతినవాడు 2018కి దింపులు తీసుకుంటున్నాడు. తొమ్మిదేళ్ళు అంటే అది.

ఇదంతా మన రైతుల పేజీలో ఎందుకు అంటారేమో. రెండు కారణాలున్నాయి.

మొదటిది, సంతకం పెట్టే అలవాటు మనకీ ఉంది. బస్తా తూకం చూడకుండా, తేమ ఎంత రాశాడో చూడకుండా, ఖాళీ కాగితం మీద కూడా పెట్టేస్తాం. వెనక లైను ఉందని, అడిగితే బాగోదని. తర్వాత అన్యాయం జరిగిందని వెళ్తే ఆ కాగితమే మనకి చూపిస్తారు. మన సంతకం పోతే ఒక పంట పోతుంది. వాళ్ళ సంతకానికి కాళ్ళూ చేతులూ పోతాయి. 1965లో శాస్త్రి గారు జవానునీ కిసానునీ ఒకే నినాదంలో చేర్చారు. ఇద్దరినీ పొగుడుతారు, ఇద్దరికీ సరుకు ఆలస్యంగా వస్తుంది. ఇద్దరూ ఓర్చుకుంటారని అందరికీ ధీమా.

రెండోది, మా పక్కింటి కుర్రాడు. పందొమ్మిదేళ్ళు. తెల్లారి నాలుగింటికే లేచి రోడ్డు మీద పరిగెడుతున్నాడు, అగ్నివీర్‌కి వెళ్ళాలని. వాళ్ళ నాన్న కౌలు రైతు. మొన్న సాయంత్రం వచ్చి నన్ను అడిగాడు. "అన్నా, పంపమంటావా? నాలుగేళ్ళే అంట. నూటికి పాతిక మందినే ఉంచుతారంట, మిగతావాళ్ళకి పింఛనీ లేదంట. అయినా ఆడికి మనసంతా దాని మీదే." నేనేం చెబుతాను? కౌలు చేసుకుంటూ ఇక్కడే ఉండమనడానికీ నోరు రాలేదు. బావగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన తండ్రితో ఏమీ మాట్లాడలేదు. కుర్రాణ్ణి పిలిచి ఎదురుగా కూచోబెట్టుకున్నారు. బూట్లు విప్పి కాళ్ళు చూపించారు. ఎవరికీ చూపించరు ఆయన. మా అక్క గుమ్మంలోంచి లోపలికెళ్ళిపోయింది.

"భయపెట్టడానికి కాదురా చూపించింది," అన్నారు. "వెళ్ళు. మంచి ఉద్యోగం. నేను మళ్ళీ పుడితే మళ్ళీ వెళ్తాను. కానీ ఏది నీ చేతికిచ్చినా ముందు చూడు. బూటు వేసుకుని నడిచి చూడు. సరిపోకపోతే సరిపోలేదని చెప్పు. చేతికి రానిదానికి సంతకం పెట్టకు. పిరికివాడంటారు, అననీ. నీ పక్కవాడికీ అదే చెప్పు. నేను అడగలేదు, నా తర్వాత ఆ బూట్లు ఇంకొకడికి ఇచ్చుంటారు. అది నాకు ఇప్పటికీ..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. కుర్రాడు తలొంచుకుని "సరే పెదనాన్నా" అన్నాడు. లేచి ఆయన బూట్లు తెచ్చి దగ్గర పెట్టాడు.

వచ్చే ఆగస్టు 15కి మా వీధి కుర్రాళ్ళు బావగారి ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కడతామని వచ్చారు. ఆయన వద్దన్నారు. ఆ డబ్బుతో ఏం చెయ్యమంటారు అని అడిగితే, పరిగెత్తే కుర్రాళ్ళకి మంచి బూట్లు కొనమన్నారు. మొన్నటిదాకా వాళ్ళలో సగం మంది చినిగిన బూట్లతోనే పరిగెడుతున్నారు, మేమెవరమూ చూడలేదు. ఆరుగురికి కొలతలు తీసుకున్నాం. రేపు వాన తగ్గితే రాజోలు వెళ్ళి తెస్తాను. ఒక్కొక్కడి చేతా వేయించి, నడిపించి చూశాకే తీసుకోమని బావగారి ఆర్డరు.

మీ ఊళ్ళో కూడా మిలటరీ నుంచి వచ్చిన పెద్దలు ఉంటారు. ఈసారి కలిసినప్పుడు ఎంతమందిని చంపారని అడక్కండి. ఏం ఇచ్చారు, ఏం ఇవ్వలేదు అని అడగండి. చెబుతారు. మా బావగారు చెప్పడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, ఎందుకంటే మేమెవరమూ ముప్పై ఏళ్ళు అడగలేదు.

వాన కాస్త తెరిపిచ్చినట్టుంది. చేలో నీళ్ళు తియ్యాలి. ఉంటానండి.